మెత్తబడ్డ హెడ్‌ఫోన్లు

తిరిగొచ్చిన క్యాసెట్లను జాన్ పాల్ గోనెసంచిలోంచి బల్ల మీద కుమ్మరించాడు. ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీంచి ఒకటి జారి, కొన్ని కిందపడి మూతలు ఊడాయి. దీనా వంగి ఏరుతుంటే ఆయన ఏదో అన్నాడు. కిటికీ కింద జనరేటరు మోత. ఆమె తలెత్తి ఆయన నోటికేసి చూశాక మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా.

"ఈలంట. సాక్ష్యాల క్యాసెట్లో మధ్యమధ్యన ఈల వత్తందంట. ఎస్. రాయవరం సంఘపోళ్ళు మొత్తం తిప్పి పంపేసేరు. నువ్వు ఇన్నావా, ఇనకుండానే స్టిక్కరు అంటించేసేవా?"

"అన్నీ ఇన్నానన్నయ్యా," అంది దీనా.

అబద్ధం కాదు. బెల్లం మార్కెట్టుకి వెళ్ళే రోడ్డు మీద, మేడపైన ఉన్న ఈ గదిలో ఆమె చేసే పనల్లా వినడమే. చర్చి క్వయర్ల పాటలు, పాస్టర్ల ప్రసంగాలు, ఉజ్జీవ కూటాల్లో దేవుడు తమకి చేసిన మేలు గురించి జనం చెప్పే సాక్ష్యాలు జాన్ పాల్ రికార్డు చేసుకొస్తాడు. మిషను వాటికి నకళ్ళు తీస్తుంది. ఒక్కో నకలూ మొదట కాస్త, మధ్యలో కాస్త, చివర కాస్త దీనా వినాలి. టేపు బుస కొడుతోందా, మాట మింగేస్తోందా, పాట వంకరపోతోందా చూసి, బాగుంటే శిలువబొమ్మ స్టిక్కరు అంటించి అట్టపెట్టెలో వేయాలి. పట్నాల్లో సీడీలు వచ్చేసినా పల్లెల్లో ఇంకా టేపురికార్డర్లే. కరెంటు పోతే జనరేటరు, జనరేటరు వేస్తే దాని రొద. ఆ రొద మీంచి టేపు వినపడాలంటే వాల్యూమ్ నాబ్‌ను చివరికంటా తిప్పాలి. మొదట్లో కరెంటు రాగానే తగ్గించేది. తర్వాత్తర్వాత తిప్పిన చోటే ఉంచేయడం అలవాటైపోయింది.

నల్లటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తిరిగొచ్చిన వాటిలో ఒకటి తీసి డెక్కులో పెట్టింది. తొమ్మిదో క్లాసు మధ్యలో మానేసిన తనకి ఇంత పెద్ద మిషన్లు అప్పజెప్పారని చేరిన కొత్తలో ఎంత మురిసిపోయిందో, ఈ హెడ్‌ఫోన్లకి అంత జడిసింది. పెట్టుకున్న మొదటిరోజు శబ్దం సూదులై దిగింది. పాటల్లో గిలకల తంబురీ గలగలలకి పళ్ళు పులిసిపోయాయి. ఆ మాట చెప్తే జాన్ పాల్ నవ్వాడు. కొత్త చెప్పులు కరిచినట్టు కొత్త హెడ్‌ఫోన్లు కూడా కరుస్తాయని, లోపల పల్చటి పొర ఉంటుందని, వాడగా వాడగా అది మెత్తబడి తెరుచుకుంటుందని, అప్పుడు తేనెలా పాడతాయని చెప్పాడు.

చెప్పినట్టే అయింది. ముందు టేపు బుస పల్చబడింది. తర్వాత తంబురీల వాడి తగ్గింది. పాస్టరుగారు ఊపిరి బిగబట్టి 'స' పలికితే చెవిలో గీరుకునేది, అదీ పోయింది. ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి, "మెత్తబడ్డాయన్నయ్యా," అని సంబరంగా చెప్పింది. "నేను సెప్పలేదా," అన్నాడాయన.

ఇప్పుడు ఆ మెత్తటి శబ్దంలోంచి ఆమె గొంతు ఆమెకే వినపడుతోంది. ఉజ్జీవ కూటంలో తను చెప్పిన సాక్ష్యమే అది. చంకలో కొడుకు ఇమ్మాన్యుయేల్‌ని, ఇంట్లోవాళ్ళ ఇమ్ముని, ఎత్తుకుని మైకు ముందు నిలబడి చెప్పింది. తన బిడ్డకి పుట్టినప్పటినుంచీ ఆయాసమని, పడుకుంటే పిల్లికూతలని, ఆ కూతలు వింటూ తను రాత్రంతా కూర్చునేదాన్నని, ఉపవాసముండి ప్రార్థన చేస్తే ఆ కూతలు కొంచెం కొంచెంగా తగ్గి పూర్తిగా ఆగిపోయాయని. పందిరంతా హల్లెలూయా అంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఈలా లేదు, పాడూ లేదు.

"ఏం లేదన్నయ్యా. శుభ్రంగా ఉంది."

జాన్ పాల్ హెడ్‌ఫోన్లు తీసుకుని ఒక కప్పును చెవికి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. పెదవి విరిచాడు.

"నాకూ ఏటీ అందటం లేదు. నా చెవులంటావా, మైకుసెట్ల దగ్గర ఎప్పుడో పాతబడిపోయేయి. అందుకే గదా మీలాంటి పిల్లల్ని పెట్టుకున్నది." హెడ్‌ఫోన్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవి మరీ మెత్తబడిపోయేయి. అమ్ములప్పుడూ ఇలాగే తిరిగొచ్చేయి క్యాసెట్లు. వైజాగెళ్ళి కొత్తవి తెచ్చేత్తాను."

అమ్ములంటే దీనా కంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న పిల్ల. మానేసి వెళ్ళిపోయింది. మొన్నొకరోజు కూరగాయల బజారులో కనిపిస్తే దీనా వెనకనుంచి పిలిచింది. మళ్ళీ పిలిచింది. అమ్ములు తిరగలేదు. వంకాయలు ఏరుకుంటూ అలాగే ఉండిపోయింది. పెళ్ళి కుదిరినప్పటినుంచి పిల్లకి గర్వం తలకెక్కిందని కొట్టువాడు అన్నాడు. దీనా కూడా అదే అనుకుంది.

ఆ సాయంత్రం గవరపాలెం సందు తిరిగేసరికి ఇంటి ముందు చేపల తట్ట దించి ఉంది. పూడిమడక నుంచి వచ్చే ఎరుకమ్మ గడప ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా అరుగు మీద అత్త పుష్పకుమారి, ఆమె ఒళ్ళో ఇమ్ము. ఎరుకమ్మ అరచేత్తో తన గుండె మీద పైనుంచి కిందికి రాసుకుంటూ ఏదో చెప్తోంది. పుష్పకుమారి చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. దీనా చెప్పుల చప్పుడుకి ఇద్దరూ మాట ఆపేశారు.

ఎరుకమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"ఏటమ్మీ, నీ గుండేటి బండరాయా?" అంది.

దీనాకి అర్థం కాలేదు. బేరమాడకముందే ఇలా అంటుందేమిటని నవ్వబోయింది. ఈలోగా అత్త చేపలేవో చూసి వేసి వెళ్ళమని ఎరుకమ్మను కసిరింది. ఎరుకమ్మ గిన్నెలో కవళ్ళ చేపలు వేసింది, ఎప్పటికంటే ఎక్కువే వేసింది. తట్ట నెత్తికెత్తుకుని, సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి బిడ్డకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

దీనా ఇమ్ముని ఎత్తుకుంది. వాడు ఆమె భుజం మీద తల వాల్చాడు. రెండేళ్ళవాడు, ఈవేళప్పుడు సందులో కోడిపిల్లల వెంట పడాల్సినవాడు, వారం రోజులుగా ఎత్తుకుంటే దిగడం లేదు. చొక్కా పైకి జరిగిన చోట డొక్కలు లోపలికి పోయి వస్తున్నాయి. పరిగెట్టి ఆయాసపడ్డాడేమో అనుకుంది. పరిగెట్టాడా అని అత్తని అడిగింది. పుష్పకుమారి లోపలికి వెళ్ళి చర్చి నుంచి తెచ్చిన ఒలీవ నూనె సీసా తీసుకొచ్చి బిడ్డ ఛాతీకి రాయసాగింది. రాస్తూ కోడలి ముఖంలోకి చూసింది.

"నీలాంటి ఇశ్వాసం నాకెప్పుడొత్తాదో దీనమ్మా," అంది.

ఈమధ్య ఆ మాట తరచుగా అంటోంది. అన్న ప్రతిసారీ దీనాకి లోపల ఏదో వెచ్చగా అయ్యేది. కోడలై వచ్చినప్పటినుంచి ఆవిడ నోటి వెంట ఒక మెచ్చుకోలు విన్నది ఈ సాక్ష్యం తర్వాతే. ఈవేళ ఎందుకో వెచ్చగా అవలేదు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. మెచ్చుకునేవాళ్ళ కళ్ళు అలా ఉండవు.

వంట చేస్తూ కూడా ఆమె చూపు గూటి మీదికి పోయింది. అక్కడ ఆయాసం సిరప్పు సీసా, మూతకి దుమ్ము పట్టి. కూతలు ఆగాక మందెందుకని తనే మాన్పించింది. భర్త రూఫస్ అచ్యుతాపురం కంపెనీ బస్సు దిగి వచ్చి, తిని, బిడ్డ పక్కన కాసేపు పడుకుని, "ఈడేటే ఎగరేత్తన్నాడు ఊపిరి?" అన్నాడు. తల్లి వెంటనే పాట ఎత్తుకుంది. అతను తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, ఆడవాళ్ళిద్దరూ ధీమాగా ఉన్నారు కదా అన్నట్టు గోడవైపు తిరిగాడు.

దీనా వంగి బిడ్డ వీపు మీద చెవి పెట్టింది. ఇదివరకు అలా పెడితే లోపల పిల్లిపిల్లలు దారి తప్పి ఏడుస్తున్నట్టుండేది. ఇప్పుడు ఏమీ లేదు. నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దం. స్తోత్రం చెప్పుకోబోయి, ఎందుకో సగంలో ఆగింది. కూత లేదు సరే. వీడి ఊపిరి చప్పుడైనా వినపడాలి కదా.

మర్నాడు మధ్యాహ్నం జాన్ పాల్ కొత్త హెడ్‌ఫోన్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెంట షైనీ అనే అమ్మాయిని కూడా తీసుకొచ్చాడు. క్రిస్మస్ క్యాసెట్ల పని ఎక్కువవుతోందని, తోడుంటుందని చెప్పాడు. చెప్పేటప్పుడు దీనాకేసి చూడలేదు, డెక్కు హెడ్‌ని స్పిరిట్ దూదితో తుడుస్తూ చెప్పాడు. షైనీ ఒక మూల స్టూలు మీద కూర్చుని, జడ ముందుకేసుకుని, మిషన్లన్నీ కళ్ళతోనే తడుముతోంది.

"నెల్లాళ్ళు ఓర్చుకో. కరుత్తాయి. తర్వాత ఇవీ తెరుచుకుంటాయి," అన్నాడు జాన్ పాల్. కింద ఎవరో పిలిస్తే మెట్లు దిగి వెళ్ళాడు.

దీనా డబ్బా విప్పింది. స్పాంజి కొత్త వాసన వేసింది. సాక్ష్యాల క్యాసెట్టు పెట్టి, నాబ్ చివరే ఉందని చూసుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని బటను నొక్కింది.

తేనె కారినట్టే వచ్చింది శబ్దం.

బుస లేదు. గీర లేదు. తంబురీలు దూరాన తడిగుడ్డలో చుట్టినట్టున్నాయి. కళ్ళు తెరిచింది. వైరు సరిగ్గా దూర్చిందో లేదో చూసింది. కుడి ఎడమలు మార్చి పెట్టుకుంది. పాతవి పెట్టుకుంది, మళ్ళీ కొత్తవి. రెంటికీ తేడా లేదు. డబ్బాలోంచి ఇప్పుడే తీసినవి ఇవి. వీటిని ఎవరు మెత్తబరిచారు?

షైనీని దగ్గరికి పిలిచి, కొత్తవి ఆ పిల్ల తలకి తగిలించింది. షైనీ రెండు చేతులతో లాగిపారేసింది.

"గుచ్చేత్తన్నాయక్కా," అంది చెవులు రుద్దుకుంటూ.

దీనా పాతవి తీసి తగిలించింది. నెమ్మదిగా, జాగ్రత్తగా, పక్కన పసిబిడ్డ మేలుకుంటుందేమోనన్నంత జాగ్రత్తగా బటను నొక్కింది. షైనీ మళ్ళీ ముఖం చిట్లించి, కప్పుల్ని చెవులకి ఎడంగా పట్టుకుంది.

"ఇయ్యీ అంతే."

జనరేటరు ఆగి ఉంది. రోడ్డు మీద బెల్లం బండ్లు పోతున్నాయి. దీనా నాబ్‌ని చాలా వెనక్కి తిప్పింది. అంత కిందికి అది ఎప్పుడు వెళ్ళిందో ఆమెకి గుర్తులేదు. టేపుని తన సాక్ష్యం దగ్గరికి జరిపి ఆ పిల్లని వినమంది. షైనీ ఈసారి తీసేయలేదు. తల వంచి విన్నది.

"ఇది నీ గొంతే కదక్కా," అని నవ్వింది. కాసేపు ఆగి, "నిజమే, ఈల ఉంది. నువ్వు మాటాపినప్పుడల్లా వత్తంది. ఈల కూడా కాదు. పిల్లిపిల్ల మూలిగినట్టు, సన్నంగా," అంది.

దీనా ఆమె తలమీంచి హెడ్‌ఫోన్లు తీసి తను పెట్టుకుని, వాల్యూమ్ మళ్ళీ చివరికంటా పెంచి, టేపుని వెనక్కి తిప్పింది. డెక్కు పక్కన స్పీడు తగ్గించే నాబ్ ఉంటుంది. క్వయర్ శ్రుతి మరీ పైకిపోతే జాన్ పాల్ దానితోనే కిందికి దింపుతాడు. వేగం తగ్గితే గొంతు బరువెక్కుతుంది, సన్నటిది లావవుతుంది. ఆ పని దీనా ఎన్నోసార్లు చేసింది. ఇప్పుడు నాబ్‌ని పట్టుకుని కిందికి తిప్పుతూ పోయింది. ఆమె గొంతు మగగొంతైంది. హల్లెలూయాలు గేదెల అరుపులయ్యాయి. 'కూతలు ఆగిపోయాయి' అనే మాట సాగి సాగి, ఎవరో ముసలివాడు బావిలోంచి అంటున్నట్టు వచ్చింది. ఆ మాట వెనకే, మైకుకి చేరువగా, ఆమె చంకలోంచి వచ్చింది కూత.

గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఆ కూత వింటూ ఎన్ని రాత్రులు గోడకి జారబడి కూర్చుందో. ఊపిరి తీసినప్పుడు చిన్నది, వదిలినప్పుడు పొడుగుది. పందిట్లో అంతమంది ముందు అది ఆగిపోయిందని తను చెప్తుంటే బిడ్డ ఆమె చెవి పక్కనే కూస్తూనే ఉన్నాడు.

జాన్ పాల్ పైకి వచ్చి, "ఏటి, కరుత్తన్నాయా?" అన్నాడు. దీనా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్ములుకి చెవులు పోయేయా అన్నయ్యా?"

ఆయన ఆమె వైపు చూడలేదు. దూది అందుకుని, తుడిచిన డెక్కునే మళ్ళీ తుడవసాగాడు. ఎవరి ఒళ్ళు ఎలాంటిదో దేవుడికే తెలుసని, కొంతమంది చెవులు సున్నితమని, కొన్నాళ్ళు ఇంటి పట్టునుంటే అవే సర్దుకుంటాయని దూదికి చెప్తున్నట్టు చెప్పాడు. చివరికి అన్నాడు:

"నువ్వు ఇంటికాడ రెస్టు తీసుకో. షైనీ ఉంది గదా, పని ఆగదు."

అప్పుడర్థమైంది దీనాకి, ఈ పిల్లని తీసుకొచ్చింది తోడుకి కాదని. ఆమె సంచి భుజానికేసుకుంది. షైనీ అప్పటికే కుర్చీ అంచు మీద కూర్చుని, కొత్త హెడ్‌ఫోన్లను ఒళ్ళో పెట్టుకుని ఉంది. దీనా వంగి, ఆ పిల్ల ముఖం దగ్గరికి ముఖం పెట్టి, తన గొంతు ఎంత పైకి పోతోందో తెలియక చాలా గట్టిగానే చెప్పింది.

"ఇవి మెత్తబడ్డాయని నీకనిపించిన రోజున, ఇంక ఈ కుర్చీలో కూకోకు. ఇంటన్నావా?"

షైనీ తలూపింది. జాన్ పాల్ దూది కింద పడేశాడు.

ఎండలో ఇంటికి ఎలా వచ్చిందో తెలీదు. వెనకనుంచి ఆటో ఒకటి రాసుకుంటూ పోయాక గానీ అది వస్తోందని తెలియలేదు. పుష్పకుమారి బిడ్డని భుజాన వేసుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతోంది. ఇమ్ము నోరు తెరుచుకుని ఉన్నాడు. పెదాల చుట్టూ రంగు మారింది. దీనా వాడి వీపు మీద అరచేయి పెట్టింది. చెవికి అందనిది చేతికి అందింది. చర్మం కింద ఏదో సన్నగా, ఆగీ ఆగీ అదురుతోంది.

"అత్తా, కూతలు ఇనపడతన్నాయా నీకు?"

పుష్పకుమారి బిడ్డని రెండో భుజానికి మార్చుకుంది.

"చెప్పత్తా. నీ పాదాలు పట్టుకుంటాను. ఇనపడతన్నాయా?"

"ఇనపడతన్నాయి," అంది ఆవిడ.

"ఎప్పట్నించి?"

ఆవిడ నోరు కదిలింది గానీ దీనాకి మాట అందలేదు. మళ్ళీ చెప్పమంది. ఆవిడ ఈసారి కోడలి చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"అయ్యి ఏనాడు ఆగేయే?"

అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది పుష్పకుమారి. "నువ్వూ ఇంటన్నావనుకున్నాను. ఇంటూ కూడా బెదరకుండా నిలబడ్డావనుకున్నాను. సాచ్చం ఇచ్చేక మళ్ళీ జబ్బుందంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టని, నాకే ఇశ్వాసం తక్కువని, నోరు నొక్కుకున్నాను. ఎరుకమ్మ నోరూ నొక్కేసేను."

ఇంట్లో అందరూ వింటూ, తను కూడా వింటోందనుకుని ఊరుకున్నారు. తను వినక, లేదనుకుని ఊరుకుంది.

"నాకు ఇనపడలేదత్తా," అంది. "నాకసలు ఇనపడలేదు."

పుష్పకుమారి కొంగు దించి కోడలి ముఖాన్ని, తర్వాత ఆమె చెవులని చూసింది. చూస్తూ చూస్తూ లేచి నిలబడింది. తలుపు తాళం కూడా వేయకుండా ముగ్గురూ ఆటో ఎక్కారు.

పిల్లల డాక్టరు గొట్టాలు చెవుల్లో పెట్టుకుని ఇమ్ము వీపు మీద, ఛాతీ మీద బిళ్ళ జరుపుతుంటే దీనా ఆయన కనుబొమలనే చూస్తూ నిలబడింది. ఆయన వింటున్నాడు. అవి ముడిపడ్డాయి. ఏదో అడిగాడు. ఇంత కూస్తుంటే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని అయి ఉంటుంది. బదులు అత్త చెప్పింది. ఏం చెప్పిందో గానీ, ఆయన ఒకసారి తలెత్తి దీనాకేసి చూసి, నర్సుని పిలిచాడు.

ఇమ్ము ముఖానికి ప్లాస్టిక్ ముసుగు పెట్టారు. మిషను వేశారు. అందులోంచి తెల్లటి మందు పొగ వచ్చి వాడి ముక్కు చుట్టూ తిరుగుతోంది. మిషను మోత చేస్తోందని దీనాకి దాని మీద చేయి వేస్తే తెలిసింది. వాడు ముందు పెనుగులాడి, తర్వాత అలిసిపోయి, తల్లి ఒళ్ళో వాలాడు. డొక్కలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే కూత వినాలి.

దీనా ఎడమ చేయి పక్కకి చాపి బెంచీ మీద పెట్టింది.

"కూసినప్పుడల్లా నొక్కత్తా," అంది.

పుష్పకుమారి ఆమె మణికట్టు పట్టుకుని బిడ్డ నోటికి దగ్గరగా వంగింది. బొటనవేలు నొక్కింది. వదిలింది. నొక్కింది. ఒక్కో కూతా ఒక్కో నొక్కుడై దీనా చేతిలోకి వస్తోంది. ఇన్ని నెలలుగా వాడు ఇలాగే కూస్తున్నాడు. తను పక్కనే పడుకుని, ఆగిపోయాయని దేవుడికి స్తోత్రం చెప్పుకుంటోంది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే చేయి కదులుతుంది.

నర్సు వచ్చి మందు మార్చి వెళ్ళింది. కిటికీ ఎండ గోడ మీదికి ఎక్కింది. బలంగా వచ్చే నొక్కుళ్ళు నెమ్మదించాయి. ఒకటి వచ్చాక, ఒక ఊపిరి కూత లేకుండానే దాటింది. తర్వాత వచ్చింది, మెత్తగా, ఉందా లేదా అన్నట్టు.

ఆ తర్వాత బొటనవేలు కదల్లేదు.

దీనా వంగి బిడ్డ పొట్ట చూసింది. నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. అత్త ముఖంలోకి చూసింది. పుష్పకుమారి ఇంకా చెవి ఒగ్గి వింటూనే ఉంది. చాలాసేపు విని, అప్పుడు తల అడ్డంగా ఊపింది. లేదు, కూత లేదు.

దీనా చేయి వెనక్కి తీసుకోలేదు.

"ఇంకాస్సేపు పట్టుకోత్తా," అంది. "మళ్ళీ వత్తే నాకు తెలీదు."

పుష్పకుమారి కోడలి మణికట్టుని రెండు చేతులతో పట్టుకుంది.